జట్టు హీరోల కామిక్ రాయడం ఎలా: ఇంటి బాధలు, విలన్ దాడి 22 పేజీల్లో అతకాలంటే

సూపర్ హీరోల జట్టు మీద కామిక్ మొదలుపెట్టినవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ఇంటి సన్నివేశాలు బాగానే వచ్చాయి, ఫైటూ బాగానే వచ్చింది. కలిపి చదివితే మాత్రం రెండు వేరే కథల్లా ఉన్నాయి. ఏం చేయాలి?" దీనికి చాలామంది మాటలు మారుస్తారు, ఫైటు పెంచుతారు, ఇంకో ఏడుపు సీను కలుపుతారు. తేడా అక్కడ లేదు. హీరో ఇంటి బాధ ఫైటు మధ్యలో అతను తీసుకునే నిర్ణయాన్ని ఒక్కదాన్నైనా మార్చాలి. మార్చకపోతే ఆ బాధ ఎంత బాగా రాసినా ఆ సంచికకి అక్కర్లేదు. కింద చెప్పిన పనులన్నీ ఈ ఒక్కటి జరిగేలా చూడటానికే.

ఇక్కడ లెక్కంతా ఒక్క సంచికలో ముగిసే 22 పేజీల కథకి. అమెరికన్ నెలవారీ కామిక్‌లో కథ చాలాకాలం ఈ కొలతే. ఇప్పుడు 20 పేజీలవీ మామూలే, అప్పుడు చివరి భాగంలో రెండు పేజీలు తగ్గించుకోండి. పొట్టి కథకీ, ఫోన్లో చదివే కామిక్‌కీ ఏం మార్చాలో నాలుగో మెట్టులో ఉంది.

కావలసినవి

ఏ4 కాగితాలు 6. వాటిని కలిపి మధ్యకి మడిస్తే 24 పేజీల చిన్న పుస్తకం అవుతుంది. అట్ట లెక్క వేరు. 22 పేజీలు కథకి, చివరి రెండూ ఖాళీ. ఎరుపు, నీలం రంగు పెన్సిళ్ళు ఒక్కోటి. దాడి జరిగే చోటు పటం, చేత్తో గీసినదైనా చాలు. ఓ 30 చిన్న చీటీలు. ఇంతవరకూ కథ విననివాళ్ళు ఒకరు, చివర్లో వాళ్ళతో పని ఉంది.

ఉదాహరణకి ఒక జట్టు అనుకుందాం, చివరిదాకా ఇదే వాడదాం. ఊరు విశాఖపట్నం. చోటు ఫిషింగ్ హార్బరు. ఉరుము: గొంతుతో అలలు పుట్టించగల కుర్రాడు, తండ్రి మరపడవ నడిపే సరంగు. నీడ: నీడల్లో కలిసిపోగల అమ్మాయి. ఉక్కు: బలశాలి, నలభై దాటినవాడు. దిక్సూచి: ఎవరు ఎక్కడున్నారో కళ్ళు మూసుకుని చెప్పగల నాయకుడు. విలన్ కొలిమి: ముట్టుకున్నదాన్నల్లా వేడెక్కిస్తాడు.

1. ఎవరి బాధ రాయాలో ముందే తేల్చుకోండి

నలుగురికీ నాలుగు బాధలు పెట్టొద్దు. 22 పేజీల్లో రెండు పూర్తి బాధలు పడతాయి, మూడోది సూచనగా ఒకటి రెండు ప్యానెళ్ళలో (పేజీలో ఒక్కో బొమ్మ గడిని ప్యానెల్ అంటారు) పడుతుంది. నాలుగోవాడు నిలకడగా ఉండాలి. అందరూ కుంగిపోయి ఉంటే ఎవరు ఎంత కుంగారో పాఠకుడికి కొలత దొరకదు.

ఎంచుకున్న ప్రతి బాధకీ మూడు లక్షణాలు ఉండాలి. దానికి గడువు ఆ రోజే కావాలి. దాని అవతల ఇంకో మనిషి ఉండాలి, ఒంటరిగా కిటికీలోంచి చూస్తూ బాధపడటం పనికిరాదు. ఆ హీరో శక్తి దాన్ని తీర్చలేనిదై ఉండాలి.

మన జట్టుకి ఇలా. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఉరుము ఇంట్లో రెండు నెలలుగా రాబడి లేదు, పడవ అప్పు వాయిదాకి ఈరోజే ఆఖరు. గొంతుతో అల పుట్టించగలడు గానీ బ్యాంకు వాయిదా కట్టలేడు. నీడకి ఈ సాయంత్రమే పెళ్ళిచూపులు, ఆమె వద్దని చెప్పలేదు, ఔననీ చెప్పలేదు. ఉక్కుకి మోకాలి నొప్పి, రిపోర్టు ఎవరికీ చూపించలేదు. ఇది సూచన మాత్రమే. దిక్సూచి నిలకడ మనిషి.

"డబ్బు ఇబ్బంది" అని రాసుకుంటే అది బాధ కాదు, బాధకి పేరు. వేట నిషేధం, పడవ, వాయిదా, తేదీ అని రాసుకుంటే బొమ్మ వేసేవాళ్ళకి వేయడానికి ఏదో దొరుకుతుంది.

2. బాధనీ దాడినీ కలిపే నిర్ణయం రాయండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు ఇదే. ఒక్కో హీరోకి ఒక్కో చీటీ తీసుకుని ఈ వాక్యం పూర్తిచేయండి: "తనకి ____ బాధ ఉంది కాబట్టి, దాడిలో ____ చేయాల్సినచోట ____ చేస్తాడు, దానివల్ల ____ నష్టం."

ఉరుముకి: పడవ అప్పు ఉంది కాబట్టి, డీజిల్ ట్యాంకు దగ్గర కాపలా ఉండాల్సినచోట తండ్రి పడవని కాపాడటానికి పరిగెత్తుతాడు, దానివల్ల ట్యాంకు దగ్గరికి మంట చేరుతుంది. నీడకి: ఇంట్లో చెప్పకుండా వచ్చేసింది కాబట్టి ఫోను ఆపకుండా చేతిలోనే ఉంచుకుంటుంది. చీకట్లో దాక్కున్నప్పుడు అది వెలిగి చోటు తెలిసిపోతుంది.

నాలుగు ఖాళీల్లో ఏది నిండకపోయినా ఆ బాధని ఈ సంచికలోంచి తీసేయండి, వచ్చే సంచికకి దాచుకోండి. "దానివల్ల అతని మనసు బాధపడుతుంది" అన్నది నష్టం కింద లెక్క కాదు. నష్టం కంటికి కనిపించాలి, జట్టులో ఇంకొకరికి తగలాలి.

ఈ పనితనానికి మనకి దగ్గరున్న గొప్ప ఉదాహరణ భారతంలో పద్మవ్యూహం. అడవిలో ద్రౌపదిని ఎత్తుకుపోయిన సైంధవుణ్ణి చంపకుండా వదిలేయడానికి కారణం ఇంటి బంధం, వాడు దుస్సల మొగుడు. అవమానంతో వెళ్ళినవాడు తపస్సు చేసి, అర్జునుణ్ణి తప్ప మిగతా పాండవుల్ని ఒక్కరోజు ఆపగలిగే వరం తెచ్చుకున్నాడు. యుద్ధం పదమూడో రోజు సంశప్తకులు అర్జునుణ్ణి దూరంగా లాక్కెళ్ళారు, లోపలికి పోవడమే తెలిసిన అభిమన్యుడు వ్యూహంలోకి దూరాడు, వెనక భీముణ్ణీ మిగతావాళ్ళనీ సైంధవుడు వాకిట్లోనే నిలిపేశాడు. చెల్లెలి కోసం చూపిన దయ రణరంగంలో కొడుకు ప్రాణం తీసింది. జట్టు ఎందుకు చీలిందో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో, అందుకు ఇంట్లో జరిగింది ఎలా కారణమో మూడూ ఒకే ముడిలో ఉన్నాయి. ముందు ఈ ఘట్టాన్ని పై చీటీలో పెట్టి నింపండి, తరవాత మీ కథకి రండి.

అమెరికన్ కామిక్స్‌లోనూ ఇదే మొదట్నుంచీ ఉంది. 1962లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ తొమ్మిదో సంచికలో జట్టు దివాళా తీస్తుంది. ఆ దివాళానే విలన్ వాడుకుంటాడు, సినిమా అవకాశం ఎరవేసి వాళ్ళని రప్పిస్తాడు. డబ్బు బాధ ఒక పక్కా విలన్ ఒక పక్కా లేరు.

జాగ్రత్త: ప్రతి హీరో బాధా విలన్‌కి ముందే తెలిసినట్టు రాయొద్దు. ఒకరిది తెలిస్తే పన్నాగం, నలుగురిదీ తెలిస్తే పాఠకుడు నమ్మడు. మన కథలో కొలిమికి ఎవరి బాధా తెలీదు, అయినా పని జరుగుతుంది.

3. దాడి ఈరోజే ఎందుకో, ఎక్కడో రాయండి

విలన్ కోరిక ఒక్క వాక్యంలో పట్టాలి. కొలిమికి ఒక పడవ అడుగున దాచిన ఇనప్పెట్టె కావాలి. ఏ పడవో తెలీదు, అందుకే అన్నీ కాల్చి చూస్తాడు, ఇనుము మిగులుతుంది కదా. ఈరోజే ఎందుకు? వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. రేపు నిషేధం ఎత్తేస్తే అన్నీ సముద్రం మీదే. చూడండి, ఉరుము ఇంట్లో డబ్బు లేకపోవడానికీ, దాడి ఈరోజే జరగడానికీ కారణం ఒక్కటే అయింది. ఇలాంటి కారణం దొరికేదాకా వెతకండి, దొరికితే సగం పని అయిపోయినట్టే.

"హఠాత్తుగా" అంటే హీరోలకి హఠాత్తు. పాఠకుడికి మాత్రం మూడు గుర్తులు ముందే కనిపించాలి, కనిపించినా పట్టించుకోకూడదు. మన కథలో: మొదటి పేజీలో జెట్టీ మీద ఆరబెట్టిన చేపల వాసనకి ఎగబడే కాకులు ఈరోజు లేవు. మూడో పేజీలో తండ్రి పడవ మోకు ముట్టుకుని "ఎండకి బాగా కాలింది" అంటాడు, అప్పటికి ఇంకా పొద్దు పూర్తిగా ఎక్కలేదు. అయిదో పేజీ చివర బకెట్లో నీళ్ళ మీద ఆవిరి.

పటం గీయండి. జెట్టీ ఎటు, డీజిల్ ట్యాంకు ఎటు, తండ్రి పడవ ఎన్నోది, హార్బరు నోరు ఎటు. ఎడమ కుడి తేల్చుకోకుండా ఫైటు రాస్తే అయిదో ప్యానెల్‌కే బొమ్మ వేసేవాళ్ళు ఫోన్ చేస్తారు. వస్తువుల గుణం కూడా ఒకసారి సరిచూసుకోండి. డీజిల్ పెట్రోలులా చటుక్కున అంటుకోదు, బాగా వేడెక్కాలి. ఆ ఆలస్యమే మీ ఫైటుకి గడియారం.

4. 22 పేజీలు పంచండి

మడిచిన పుస్తకం తీయండి. మొదటి పేజీ కుడివైపు ఉంటుంది. అక్కణ్ణుంచి బేసి పేజీలన్నీ కుడివైపు, సరి పేజీలన్నీ ఎడమవైపు. పాఠకుడు కాగితం తిప్పగానే కనబడేది సరి పేజీ. కాబట్టి ఉలిక్కిపడాల్సింది ఏదైనా సరి పేజీలోనే పెట్టాలి. బేసి పేజీలో పెడితే ఎదురుగా ఎడమ పేజీ చదువుతుండగానే కంటికొసన మంట కనిపించేస్తుంది.

పంపకం ఇలా:
పేజీ 1: హార్బరు, కట్టేసిన పడవలు, తండ్రీ కొడుకూ.
2–3: వాయిదా గొడవ.
4: నీడ ఇల్లు, చీర మడతలు, పిన్నులు.
5: ఉరుముకీ దిక్సూచికీ ఫోన్లో మాటా మాటా. చివర ఆవిరి.
6–7: దాడి. రెండు పేజీలూ కలిపి ఒకే బొమ్మ.
8–11: జట్టు చేరడం, ఎవరు ఆలస్యం, ఎవరు ఎక్కడ నిలబడాలి.
12–17: బాధలు నిర్ణయాల్ని చెడగొట్టడం. 16లో అన్నిటికన్నా దారుణమైన క్షణం.
18–19: గెలుపు.
20–22: తరవాత.

రెండు పేజీల బొమ్మ సరి పేజీతో మొదలై దాని పక్క బేసి పేజీతో ముగియాలి. 7–8 మీద వేయమంటే కుదరదు, అవి ఒకే కాగితానికి ముందూ వెనకా.

దాడి నాలుగో పేజీ కన్నా ముందు వస్తే ఎవరి గురించీ మనకి పట్టదు, ఎనిమిది దాటితే పాఠకుడు అట్ట తిప్పి చూసుకుంటాడు, తను కొన్నది హీరోల కామిక్కేనా అని. ఆరు అందుకే.

వేరే దారి: మొదటి పేజీలోనే దాడి మొదలుపెట్టి బాధల్ని ఫైటు లోపలే చెప్పొచ్చు. చేయి తిరిగినవాళ్ళకే, ఎందుకంటే ప్రతి బాధకీ మూడు ప్యానెళ్ళకి మించి చోటు దొరకదు. 8 పేజీల పొట్టి కథయితే ఒక్క హీరో, ఒక్క బాధ, దాడి మూడో పేజీ చివరి ప్యానెల్లో అలికిడి, నాలుగో పేజీలో మంట. ఫోన్లో కిందికి జరుపుతూ చదివేదయితే పేజీ తిప్పడం ఉండదు. దాని బదులు దాడి ముందు ఒక తెరంత ఖాళీ వదలండి, వేలు జరిపేకొద్దీ ఏమీ రాకపోవడమే ఇక్కడ పేజీ తిప్పడం.

5. మాట మధ్యలో తెంపండి

అయిదో పేజీ గొడవ ముగియకూడదు. ముగిస్తే బాధ తేలికైపోతుంది, ఫైటులోకి మోసుకెళ్ళడానికి ఏమీ మిగలదు. అసలు మాట నోట్లో ఉండగా తెంపాలి. ఉరుము అంటున్నాడు: "అన్నా, నువ్వు డబ్బు సర్దుతానన్న రోజే చెప్పుంటే నేను..." అంతే. ఆవిరి. పేజీ తిప్పు.

ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే. ఫైటు మధ్యలో ఊపిరి దొరకగానే ఇద్దరూ నిలబడి ఆ వాక్యాన్ని పూర్తిచేసుకుంటారు. పడవలు కాలుతుంటే నాయకుడూ కుర్రాడూ అప్పు గురించి మాట్లాడుకోరు. తెగిన వాక్యాన్ని 20వ పేజీ దాకా ముట్టుకోకండి. ముట్టుకున్నప్పుడు కూడా మొదట చెప్పబోయిన మాటే చెప్పించకండి. అప్పటికి జరిగింది జరిగింది కాబట్టి వాక్యం ఇంకోలా ముగియాలి, లేదా రెండోవాడు ముగించాలి.

6. బాధని మోయడానికి ఒక వస్తువు ఇవ్వండి

ఫైటులో బాధని గుర్తుచేయాల్సింది ఆలోచనల బుడగలతో కాదు. చేతికందే వస్తువుతో. ఉరుముకి చొక్కా జేబులో బ్యాంకు పాసుబుక్కు. నీడకి ఫోనూ, మార్చుకోవడానికి సమయం లేక కట్టుకునే వచ్చేసిన పట్టుచీరా. ఉక్కుకి మోకాలి పట్టీ. ప్రతి వస్తువూ మూడుసార్లు కనిపించాలి: ఇంట్లో ఒకసారి, ఫైటులో ఒకసారి, చివర ఒకసారి. మూడోసారి దాని స్థితి మారి ఉండాలి. పాసుబుక్కు చివర్లో తడిసి అంటుకుపోయి ఉంటుంది, పేజీలు విడదీయబోతే చిరుగుతాయి.

7. ఒక పేజీ ప్యానెల్ ప్యానెల్‌గా

12వ పేజీ తీసుకుందాం, కథ తిరిగేది ఇక్కడే.

ప్యానెల్ 1. పేజీ వెడల్పంతా. జెట్టీ పైనుంచి చూపు. ఎడమ చివర డీజిల్ ట్యాంకు. కుడి చివర, వరసలో మూడో పడవ కొసకి మంట అంటుకుంటోంది. ట్యాంకు పక్కన ఉరుము, వీపు మనవైపు. మాటలు లేవు.

ప్యానెల్ 2. చిన్నది. ఉరుము చొక్కా జేబు, పాసుబుక్కు అంచు.

ప్యానెల్ 3. ఉరుము మొహం, చూపు కుడివైపు. చెవిలోంచి దిక్సూచి గొంతు: "ట్యాంకు దగ్గరే ఉండు. కదలకు."

ప్యానెల్ 4. ఉరుము కుడివైపు పరుగు. ఉరుము: "ఒక్క నిమిషం అన్నా."

ప్యానెల్ 5. అతను నిలబడిన చోటు, ఇప్పుడు ఖాళీ. సిమెంటు మీద తడి పాదముద్రలు. వెనక ట్యాంకు కాలి కింద ఎర్రగా కాగుతున్న ఇనుము. మాటలు లేవు.

మొత్తం ఏడు మాటలు. పాఠకుడికి ఉరుము తప్పు చేస్తున్నాడని తెలుసు, ఎందుకు చేస్తున్నాడో కూడా తెలుసు, అందుకే తిట్టలేడు. ఒక్కో ప్యానెల్లో ఒక్కటే పని జరగడం గమనించండి. "ఉరుము తిరిగి చూసి, జేబు తడుముకుని, పరిగెత్తాడు" అని ఒకే ప్యానెల్‌కి రాస్తే అది వేయడం ఎవరివల్లా కాదు, నిలిచిన బొమ్మలో మనిషి ఒక్క పనే చేయగలడు. ఎడమ నుంచి కుడికి పరుగు కూడా కావాలని పెట్టిందే. మన కన్ను చదివే దిశ అది, పరుగు వేగంగా అనిపిస్తుంది. తిరిగి ట్యాంకు వైపు వచ్చేటప్పుడు కుడి నుంచి ఎడమకి, ఏటికి ఎదురీదినట్టు, బరువుగా ఉంటుంది.

మాట్లాడే పేజీలకి 5–6 ప్యానెళ్ళు, కొట్టుకునే పేజీలకి 3–4. ఫైటుకి ప్యానెళ్ళు పెంచితే వేగం వస్తుందనుకుంటారు, బొమ్మలు చిన్నవై ఎవరు ఎవర్ని కొట్టారో తెలీకుండా పోతుంది.

8. మాటలు

ఇంగ్లీషు కామిక్స్‌లో ఒక ప్యానెల్‌కి 35 మాటలు దాటొద్దని పాత లెక్క. తెలుగుకి అది పనికిరాదు. "చెప్పకుండా వెళ్ళిపోయావేం?" అన్నది మనకి రెండు మాటలు, ఇంగ్లీషులో అయిదారవుతాయి. పైగా మనకి ఒత్తులు కింద దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, వరసల మధ్య ఎక్కువ ఎడం కావాలి. మాటల బుడగకి 12 మాటలు, ప్యానెల్‌కి 20, పేజీకి 90 దాటకుండా చూసుకోండి.

మీరు, నువ్వు అనే పిలుపు కూడా ఆయుధమే. నీడ దిక్సూచిని ఇంతవరకూ "మీరు" అనే అంటుంది. 16వ పేజీలో ఫోను వెలిగి కొలిమి తనవైపు తిరిగినప్పుడు "అన్నా, వెనక్కి పో!" అంటుంది. ఆ ఏకవచనం ఒక్కటి చాలు, వీళ్ళిద్దరి మధ్య ఏం మారిందో చెప్పడానికి. దీన్ని ఒక్కసారే వాడండి.

చప్పుళ్ళకి ఇంగ్లీషు అరుపులు తెలుగు లిపిలోకి దించకండి. పడవ తాడు తెగితే "ఫట్", చెక్క విరిగితే "ఫెళ్", కాలిన ఇనుము నీళ్ళలో పడితే "చుయ్‌య్", గోడ కూలితే "ధడాల్". మనకి కావలసినన్ని ఉన్నాయి.

బుడగలకి మండలి లాంటి తేలికైన ఫాంటు, చప్పుళ్ళకి రామభద్ర లాంటి బరువైన ఫాంటు నప్పుతాయి. అక్షరాలు పేర్చే ముందు "జ్యోత్స్న", "స్త్రీ", "రాష్ట్రం" టైపు చేసి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన పడితే ఆ సాఫ్ట్‌వేర్‌లో అమరిక సరిగా లేనట్టు. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ అనే అమరిక ఎంచుకోవాలి. పుస్తకం ప్రెస్సుకి పోయాక చూసుకుంటే చేయగలిగింది ఉండదు.

9. గెలుపు, తరవాత

బాధ ఫైటుని చెడగొట్టింది కదా, బాగుచేసే దారి కూడా ఆ ఇంటి నుంచే రావాలి. మన కథలో మంట పడవ నుంచి పడవకి పాకుతోంది. అన్నీ కలిపి కట్టి ఉన్నందువల్లే ఈ చిక్కు. సరంగు కేకేస్తాడు: "ఆటు తీస్తోందిరా, మోకులు కోసెయ్యి!" నీళ్ళు వెనక్కి లాగే వేళ అది. తాళ్ళు తెగ్గొడితే పడవలు విడిపోయి హార్బరు నోటివైపు జరుగుతాయి, ఉరుము అల వాటిని ఇంకా దూరం తోస్తుంది. కొలిమి ఒక్క కాలుతున్న పడవ మీద, చుట్టూ నీళ్ళతో మిగిలిపోతాడు. తండ్రికి శక్తులేమీ లేవు, నీళ్ళు తెలుసు. అయితే ఆటు సంగతి మూడో పేజీలోనే మామూలు మాటగా వచ్చి ఉండాలి. 18లో మొదటిసారి వింటే అది మోసం.

చివరి మూడు పేజీల్లో బాధలన్నీ తీర్చేయకండి. ఒకటి తీరాలి, ఒకటి పెరగాలి, ఒకటి ఉన్నచోటే ఉండాలి. ఉక్కు మోకాలి సంగతి బయటపడి, దాయాల్సిన బరువు తీరింది. ఉరుము వాయిదా గడువు దాటింది, కోసిన పడవల్లో రెండు రాళ్ళకి కొట్టుకున్నాయి, వాటి యజమానులు ఇప్పుడు గుమ్మంలో ఉన్నారు. నీడ ఫోన్లో 14 మిస్డ్ కాల్స్. 22వ పేజీ కూడా సరి పేజీయే, కాగితం తిప్పితేనే కనిపిస్తుంది. ఆమె తిరిగి ఎవరికి ఫోన్ చేసిందో ఆ పేజీకి దాచుకోండి.

తరచుగా జరిగే తప్పులు

పాత సంగతులు గుర్తుచేసుకునే సన్నివేశాన్ని ఫైటు మధ్యలో దూర్చడం. ఒక్క ప్యానెల్‌కి మించితే ఫైటు చల్లబడుతుంది, మళ్ళీ వేడెక్కించడానికి రెండు పేజీలు పడుతుంది.

విలన్ చేత ఉపన్యాసం ఇప్పించడం. కొలిమి తన కోరికని పడవలు కాల్చి బూడిదలో వెతకడం ద్వారా చెప్తున్నాడు, మళ్ళీ నోటితో చెప్పక్కర్లేదు.

ఆడ హీరో బాధ అంటే పెళ్ళి, మగ హీరో బాధ అంటే డబ్బు అని అలవాటుగా పెట్టేయడం. పైన ఉదాహరణలోనూ అదే ఉంది, అందుకే మీ కథలో తారుమారు చేసి చూడండి. అప్పు నీడది, పెళ్ళిచూపులు ఉరుముకి అయితే ఏ నిర్ణయాలు మారతాయో చీటీలు నింపండి. కొన్నిసార్లు రెండోదే మంచి కథ.

దాడి జరిగాక ఊరివాళ్ళు మాయమైపోవడం. ఫిషింగ్ హార్బరులో వలలు బాగుచేసేవాళ్ళు, ఐసు మోసేవాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు ఉంటారు. ప్రతి ఫైటు పేజీలో వాళ్ళలో ఒకరైనా కనిపించాలి.

సరిచూసుకోవడం

రంగు పెన్సిళ్ళు తీయండి. మడత పుస్తకంలో దాడి ఉన్న ప్యానెళ్ళకి ఎర్ర చుక్క, బాధ ఉన్నవాటికి నీలం చుక్క, రెండూ ఉంటే రెండు చుక్కలు. 6 నుంచి 19 దాకా వరసగా మూడు పేజీలు ఒకే రంగులో ఉంటే అక్కడ అతుకు ఊడింది. 12, 16, 18 పేజీల్లో రెండు చుక్కల ప్యానెల్ తప్పకుండా ఉండాలి, ఒక్కటి కూడా లేకపోతే రెండో మెట్టుకి వెళ్ళండి.

తరవాత 2 నుంచి 5 దాకా పేజీల్ని చేత్తో మూసి మిగతావి చదవండి. ఫైటు అంతా అర్థమైపోతే బాధలు ఇంకా కథలోకి రాలేదు. 12వ పేజీ దగ్గర "ఇతను ఎందుకు పరిగెత్తాడు?" అని ఆగాల్సి రావాలి.

చివరిగా, కథ విననివాళ్ళకి పుస్తకం చేతికివ్వండి. ఏమీ చెప్పకండి, పక్కన కూర్చుని పేజీ తిప్పే చెయ్యి చూడండి. 5 నుంచి 6కి చెయ్యి త్వరపడాలి, 12 దగ్గర ఆగాలి. చదివాక "బాగుందా?" అని అడగొద్దు, మర్యాదకి బాగుందంటారు. "ఉరుము ట్యాంకు దగ్గర నుంచి ఎందుకు వెళ్ళాడు?" అని అడగండి. "పడవ తగలబడుతోందిగా" అంటే పాసుబుక్కు సరిగా పడలేదు, 2–3 పేజీలు తిరగరాయాలి. "వాయిదా కట్టలేదుగా, ఆ పడవా పోతే ఇక వాళ్ళ నాన్నకి ఏం మిగుల్తుంది" అన్నారంటే స్క్రిప్టు బొమ్మలు వేసేవాళ్ళకి పంపొచ్చు.